హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్ళు మూసుకున్నందుకు

బయటి శబ్దాన్ని ఆపేసే వైర్‌లెస్ హెడ్‌ఫోన్స్ కొన్నాను. రోజూ వాడుకోవడానికి పనికొస్తాయో లేదో చూద్దామని ఈ మధ్యాహ్నం వరండాలో కూర్చుని, పోయిన ఆదివారం చర్చిలో నేను చేసిన ప్రసంగమే పెట్టుకున్నాను. బైబిలు ఒళ్ళోనే ఉంది. పక్కింటి మిక్సీ, రోడ్డు మీది ఆటోలు అన్నీ మాయం. నా గొంతు నాకే ఎంతో నచ్చి, కళ్ళు మూసుకుని విన్నాను.

సాయంత్రం మా సంఘంలోని మరియమ్మగారు కాకినాడ ఆసుపత్రి నుంచి ఫోన్ చేశారు. రేపు ఆమె భర్తకు గుండె ఆపరేషన్.

"తల మీద చెయ్యేసి ప్రార్థన చేస్తారని, బయల్దేరేముందు ఆయన్ని మీ ఇంటికి తీసుకొచ్చానండి. గేటు దగ్గర మూడుసార్లు పిలిచాను. మీరేమో లోకం వినపడకుండా చెవులు కూడా మూసేసుకుని ప్రార్థనలో ఉన్నారు. మధ్యలో కదపకూడదు కదండీ, వెళ్ళిపోయాం. ఆ ప్రార్థన మా ఆయన కోసమేనా అయ్యగారూ?"

ప్రతి ఆదివారం అబద్ధికుల మీద నిప్పులు కురిపించే నేను, "అవునమ్మా" అనేశాను. ఆ తర్వాత ఫోన్లోనే ఆయన కోసం ప్రార్థన చేశాను.

రేపు మొదటి బస్సుకే కాకినాడ వెళ్తున్నాను. ఆవిడకి నిజం ఆపరేషన్‌కి ముందే చెప్పాలా, అయ్యాక చెప్పాలా? బస్సెక్కేలోపు ఎవరైనా చెప్పండి.