చెంప లోపలి పొర

ఊరు వదిలి వలస వచ్చి, పాండేసరలో బట్టలకు రంగులద్దే మిల్లులో తడిబట్టల బండి తోసేవాడు ఆగయ్య. ఒకరోజు కాలు జారి, బండి ఇనుప అంచు మీద కాళ్లు చెరోవైపూ పడేలా కూలబడ్డాడు. ఆ దెబ్బకు మూత్రనాళం చితికింది. గాయం మానింది గానీ, మానిన చోట నాళం ఇరుకైపోయింది. డాక్టర్లు వెడల్పు చేసినప్పుడల్లా కొన్నాళ్లు బాగుండేది, మళ్లీ మూసుకుపోయేది. చివరికి పొత్తికడుపులోంచి పైపు వేశారు. మూత్రం సంచి నడుముకు కట్టుకుని, పైన వదులు చొక్కా తొడుక్కుని షిఫ్టుకు వెళ్లేవాడు.

పెద్దాసుపత్రి డాక్టరమ్మ హిందీలో వివరించింది. చెంప లోపలి పొర కొంచెం తీసి నాళానికి అతికించవచ్చు. ఎప్పుడూ తడిలో ఉండే పొర కాబట్టి అక్కడా బతుకుతుంది. నోరు తెరవమని టార్చి వేసి చూసింది. ఏళ్లుగా తంబాకు పెట్టుకున్న కుడిచెంప తెల్లబడి గట్టిపడి ఉంది.

"ఎడమచెంప పనికిరావచ్చు. కానీ తంబాకు మానకపోతే నేను ఆపరేషన్ చెయ్యను."

ఇంటికి రాగానే భార్య ఎల్లవ్వకు చెప్పాడు.

"మానుతవా నువ్వు?" అందామె, నమ్మకం లేకుండా.

"మానుతనే. ఈ సంచి మోసుకుంట బతుకుడు నాతోని కాదు."

తంబాకు మానేశాక షిఫ్టులో తల పగిలిపోయేది. తోటి పనివాడు రాంప్రసాద్ అలవాటుగా తంబాకు డబ్బీ చాపాడు. "జర తీస్కో. ఒక్క చిటికెడే."

"వద్దన్నా. నా నాళానికి అతుకు ఇండ్లకెల్లే తీయాలె," అని ఆగయ్య ఎడమచెంప చూపించాడు.

రాంప్రసాద్ నవ్వబోయి, అతని ముఖం చూసి డబ్బీ జేబులో వేసుకున్నాడు.

ఒకసారి మాత్రం ఆగయ్య ఉండబట్టలేక తంబాకు నోట్లో వేసుకున్నాడు. వెంటనే ఉమ్మేసి, పంపు దగ్గర నోరు కడుక్కున్నాడు. ఆ సంగతి దాచకుండా ఎల్లవ్వకు చెప్పాడు. ఆమె తిట్టలేదు. సోంపు పొట్లం చేతిలో పెట్టి, "మనసు గుంజినప్పుడల్లా ఇది నములు," అంది.

వానలు తగ్గాక డాక్టరమ్మ మళ్లీ చూసి సరేనంది. ఆపరేషన్ తర్వాత చెంప వాచి మాట రాలేదు. జావ తాగుతూ, కుట్ల మంట ఓర్చుకుంటూ పడుకున్నాడు. వారాలు గడిచాక నాళంలో పెట్టిన గొట్టం తీసి, పొత్తికడుపు పైపు మూసి, బాత్రూంకు వెళ్లి చూడమన్నారు.

చాలాసేపు ఏమీ రాలేదు. భయంతో గోడ పట్టుకున్నాడు. తర్వాత చుక్కచుక్కగా మొదలై నిండు ధారే వచ్చింది. తలుపు బయట ఆ చప్పుడు విని ఎల్లవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

మళ్లీ ఇరుకు కావచ్చని, పరీక్షలకు వస్తూ ఉండాలని డాక్టరమ్మ హెచ్చరించింది.

"ఎన్నిసార్లు రమ్మంటే అన్నిసార్లు వస్త మేడం," అన్నాడు ఆగయ్య.