నాంచారమ్మ ఇంటి వేలం

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవిలో నన్ను గుడివాడ నుంచి మచిలీపట్నం బదిలీ చేశారు, మొండి బాకీల వసూలు చూసే చీఫ్ మేనేజరుగా. అప్పు తీరకపోతే తాకట్టు ఇంటిని కోర్టుకు వెళ్ళకుండానే స్వాధీనం చేసుకుని అమ్మే అధికారం చట్టం బ్యాంకుకిచ్చింది. ఆ కాగితాల మీద సంతకం పెట్టే మనిషిని ఆథరైజ్డ్ ఆఫీసర్ అంటారు. ఆ సంతకం నాది. రాయితీ ఇచ్చే అధికారం మాత్రం విజయవాడలో కూర్చున్న కమిటీది.

మంగినపూడి దగ్గర ఒక పల్లెపాలెంలో నాంచారమ్మ అనే ఆవిడ చేపలు అమ్ముకుంటూ, మా దగ్గర అప్పు తీసుకుని రెండు గదుల డాబా వేసుకుంది. భర్త పోయాడు. ఆమెకీ, ఇద్దరు ఆడపిల్లలకీ ఉన్న నీడ అదొక్కటే. వాయిదా నెలనెలా కట్టాలి. వేసవిలో చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం వేట ఆపిస్తుంది. పడవలు ఒడ్డునుంటే ఆమె గంప కూడా ఖాళీయే. మూడు వాయిదాలు వరసగా తప్పితే ఖాతా మొండి బాకీల్లో పడుతుంది. ఆమెది పడింది.

నోటీసు అందుకుని వచ్చింది. ఏడవలేదు, బతిమాలలేదు, తిన్నగా బేరానికి కూర్చుంది. వేట ఉన్న నెలల్లో ఎక్కువ కడతాను, లేని నెలల్లో అడగొద్దు, ఏడాది మొత్తం మీద పైసా తగ్గనివ్వను అంది.

"వరికైతే కోతల దాకా ఆగుతారు కదండీ. మా సముద్రానికి ఆగరా?"

మా నాన్నది పామిడిముక్కల దగ్గర వరి సేద్యం. పంట అప్పు ఎప్పుడూ కోతలయ్యాకే కట్టేవారు, ఏ బ్యాంకూ తప్పు పట్టలేదు. ఆమె మాటలో నాకు వంక కనపడలేదు. అలాగే రాసి కమిటీకి పంపాను. ఇంటి అప్పులకు అలాంటి వెసులుబాటు లేదని ఒక్క వాక్యంలో తిప్పికొట్టారు. ఒళ్ళు మండిపోయి ఫోన్ చేశాను. మీరు బ్యాంకు తరఫునా, వాళ్ళ తరఫునా మేడం అని అడిగాడు ఆ కమిటీలోని ఏజీఎం, నాకంటే చిన్నవాడు.

స్వాధీనపు నోటీసు ఆ తలుపుకి నేనే అంటించాను. పేపర్లో వేలం ప్రకటన పడకముందే ఇల్లు మీరే అమ్ముకోండి, అప్పు పోగా ఎంతో కొంత మిగులుతుంది అని చెప్పాను. అమ్మనంది. ఆమె ధీమా వేరు. ఈ ఇంటి మీద ఎవరూ పాట పాడకూడదని పాలెం పెద్దలు కట్టుబాటు చేశారు. మాట తప్పినవాడితో ఎవరూ వేటకెళ్ళరు. పాడేవాడే లేకపోతే బ్యాంకు దిగిరాక చస్తుందా అని వాళ్ళ లెక్క. ఇంటి ముందు డప్పు కొట్టి పాట పెట్టిన రోజుల్లో అయితే ఆ లెక్క తప్పేది కాదు. ఉత్త చేతులతో తిరిగొచ్చిన అధికారులను నేనెరుగుదును. ఇప్పుడు వేలం ఆన్‌లైన్‌లో జరుగుతుంది, ఏ ఊరివాడైనా పాడొచ్చు అని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. ఇల్లు కళ్ళతో చూడకుండా ఎవడు కొంటాడండీ అన్నారు ఆ పెద్దల్లో ఒక పెద్దాయన.

వేలం రోజు పొద్దున్నే పాలెం పాలెమంతా ఆటోల్లో మా శాఖకి వచ్చింది. ఎవడు నోరు విప్పుతాడో చూద్దామని వరండాలో బారుగా కూర్చున్నారు. ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చారు, పెళ్ళికొచ్చినట్టు. లోపల నా కంప్యూటర్లో ఒక్కరే పాడారు, మేం పెట్టిన కనీస ధర మీద ఒక్క మెట్టు పెంచి. గడువు ముగిసింది.

బయటికొచ్చాను. పాట ఎప్పుడు మొదలెడతారని పెద్దాయన అడిగారు. అయిపోయిందని చెప్పాను. పాడిందెవరన్నారు. మన జిల్లా మనిషి కాదని మాత్రం చెప్పగలిగాను. నాంచారమ్మ లేచి నిలబడి తన వాళ్ళ మొహాలన్నీ ఒక్కొక్కటే చూసింది.

"మా వాళ్ళెవరూ నోరు తెరవలేదండీ," అంది నాతో. "మీరూ చూశారు కదా."

చూశానన్నాను.

వసూళ్ళు బాగున్నాయని ఆ ఏడు నాకు మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది. ఆ ఉద్యోగం నేర్పింది ఇంతే: ఎదురుగా కూర్చున్న అధికారికి సరే అనే హక్కు ఉందో లేదో ముందు తేల్చుకోవాలి. ఆ హక్కు లేనివాళ్ళతో ఎంతసేపు మాట్లాడినా దాన్ని బేరమనకూడదు. రిటైరయ్యేదాకా నేను ఆ కుర్చీలో కూర్చుని మాట్లాడుతూనే ఉన్నాను. దానికే జీతం తీసుకున్నాను.