గోడ అవతల విన్న దగ్గు

మైకు లేకపోయినా చివరి వరుస దాకా వినిపించే గొంతు నాది. సిద్దిపేటలోని మా క్రైస్తవ సంఘంలో పాట ఎత్తుకునేది నేనే. రెండేళ్ల కిందట ఒక ఆదివారం ఆరాధనలో రెండో చరణం దగ్గర ఊపిరి అందక ఆగిపోయాను. పాట మధ్యలో ఆగడం నాకు అదే మొదటిసారి. అందరూ సర్ది అన్నారు, నేనూ అదే అనుకున్నాను.

మూడు వారాలైనా దగ్గు తగ్గలేదు. సాయంత్రమైతే జ్వరం. పదిమందికి జాకెట్లు కుట్టే నాకు నా జాకెట్టే వదులైపోయింది. దవాఖానలో స్పుటమ్ టెస్టు, ఎక్స్-రే చేశారు. డాక్టరమ్మ రిపోర్టు చూసి, "టీబీ ఉందమ్మా. ఆరు నెలలు గోలీలు మింగాలె. ఒక్క దినం గూడ ఇడువొద్దు. గ్లాసులతోని, పళ్లాలతోని రాదు, దగ్గుతోని వస్తది. మాస్కు పెట్టుకో" అంది.

రెండు నెలలకే ఒళ్లు తేలికపడింది, గొంతు తిరిగొచ్చింది. దేవుడు మేలు చేస్తే సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పడం మాలో పద్ధతి. నేను ఆగలేకపోయాను. తెల్లచీర కట్టుకుని నిలబడి, ప్రభువు నన్ను పూర్తిగా బాగుచేశాడని చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. అంత మాట చెప్పి ఇంటికొచ్చాక గోలీ మింగితే దేవుణ్ణి నమ్మనట్టే అనిపించింది. మిగిలినవి బీరువాలో చీరల కింద దాచేశాను. దవాఖాన నుంచి ఫోన్ వస్తే ఊరికి పోయానని చెప్పాను. ఎవరూ మానమనలేదు, ఆ తెలివి నాదే.

మా ఇంటి గోడకు ఆనుకునే మా తోటికోడలు యశోదక్క ఇల్లు. అప్పటికి ఆరేళ్లుగా మాకు మాటల్లేవు. తప్పు నాది. నేను బాప్తిస్మం తీసుకున్న ఏడాది, సద్దుల బతుకమ్మ నాడు ఆమె గౌరమ్మకు పెట్టి తెచ్చిన, రొట్టె బెల్లం కలిపి చేసిన మలీద పళ్లేన్ని గడప దగ్గరే వాపసు ఇచ్చాను. తినకపోవడం నా నమ్మకం. కానీ అలా ముఖం తిప్పుకోవడం నమ్మకం కాదు, పొగరు.

గోలీలు మానిన నాలుగు నెలలకు దగ్గు తిరగబెట్టింది. ఒక మధ్యాహ్నం యశోదక్క తలుపు తోసుకుని వచ్చింది.

"మళ్ల దగ్గుతున్నవేందే? గోలీలు మింగుతున్నవా?"

"నాకు స్వస్థతైంది అక్కా."

"గట్లయితే నాకు గోడ అవుతల ఇనవడే దగ్గు ఎవలిది?"

బీరువా తీసి చూపించాను. ఆమె తిట్టలేదు. మాస్కు కట్టుకుని ఆటో పిలిచింది.

ఈసారి సీబీనాట్ టెస్టు చేశారు. మందులకు లొంగని టీబీగా మారిందేమో చూడాలన్నారు. రిపోర్టు వచ్చేదాకా నాకు అన్నం దిగలేదు. నా మొండితనంతో నేనే చచ్చిపోతానని భయపడ్డాను.

"పాత గోలీలే పనిచేస్తయి. గని మళ్ల మొదటి సంది మింగాలె" అంది డాక్టరమ్మ.

మా పాస్టరుగారు ఇంటికొచ్చి ప్రార్థన చేసి, "రోగం తిరగబెడితే దేవుడు ఓడినట్టు గాదమ్మా. నీ సాక్ష్యం తొందరపడ్డది. మందు మింగుకుంట గూడ దేవుణ్ణి నమ్మొచ్చు" అన్నాడు.

ఆ ఆరు నెలలూ యశోదక్క పొద్దున్నే వచ్చి ఎదురుగా కూర్చునేది. గోలీలు మింగాక "నోరు తెరువు" అనేది. సంఘంలో పాట ఎత్తే నోటిని చంటిపిల్లలా తెరిచి చూపించేదాన్ని. ఒకరోజు మింగినవన్నీ ఆమె చీర మీదే కక్కేశాను. ఆమె ముఖమైనా చిట్లించకుండా ముందు నా మూతి తుడిచింది. క్రీస్తు ప్రేమ గురించి ఏళ్ల తరబడి పాడాను. మనకు అర్హత లేకపోయినా, మనం అడగకముందే వచ్చే ప్రేమ ఎలా ఉంటుందో ఆ రోజు కళ్లారా చూశాను. ఏడుపు ఆగలేదు.

"అక్కా, ఆ పొద్దు నీ మలీద వాపసు ఇచ్చిన. తప్పైంది."

"గా పొద్దు నేనొక్కదాన్నే కూసోని తిన్న. మస్తు ఏడ్చిన" అంది. చీర కడుక్కోవడానికి లేస్తూ, "ఇగ ఇడిసిపెట్టు" అంది.

ఊపిరితిత్తుల కంటే ముందు దేవుడు నాలో బాగుచేసింది ఆ పొగరునే.

కోర్సు పూర్తయి స్పుటమ్ నెగెటివ్ వచ్చాక మళ్లీ సంఘం ముందు నిలబడ్డాను. గోలీలు దాచిన సంగతీ, పళ్లెం వాపసు ఇచ్చిన సంగతీ రెండూ చెప్పాను. ఈసారి చప్పట్లు లేవు. చివరి వరుసలో బొట్టుతో కూర్చున్న యశోదక్కను చూపించి, "దేవుడు నా కోసం పంపిన మనిషి గీమెనే, మా అక్క" అన్నాను. ఏ పాట పాడినప్పుడూ నాకు అంత గర్వం కలగలేదు.

ఇప్పుడు రోజంతా మిషన్ తొక్కుతున్నాను. రెండో చరణం ఆగకుండా పాడుతున్నాను. టీబీ ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ఒళ్లు తేలికపడిందని గోలీలు మానకండి. డాక్టరు ఆపమనేదాకా రోజూ ఒకరి కళ్లముందు మింగండి.

మొన్న సద్దుల బతుకమ్మ నాడు యశోదక్క మలీద గిన్నె పట్టుకుని వచ్చి గడప అవతలే నిలబడింది.

"నీకు వేరే చేసిన. గౌరమ్మకు పెట్టలె. తింటవా?"

చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను. ఇద్దరం ఒకే గిన్నెలో తిన్నాం.