రాణి మీద చెప్పిన చాడీలు

పాలలో నానిన రస్కు వాసనకు రాణి గుర్తొస్తుంది. వీధిలో ఎవరో వదిలేసిన ఆ ముసలి కుక్కను, పెంచుకునేవాళ్లు దొరికేదాకా అని అమ్మ బన్సీలాల్‌పేట్‌లోని మా ఇంటికి తెచ్చింది. అది మాదే అనుకున్నాను.

ఒకరోజు కాప్రా నుంచి ఒక ఆంటీ దానికోసం వచ్చింది. కొత్తవాళ్ల ముందు నోరు విప్పని నేను, ఆమె వద్దనుకోవాలని చాడీలు మొదలుపెట్టాను.

“దానికి పళ్లు లేవు. రస్కు నానబెడితేనే తింటది. ఉరిమితే మంచం కింద పాస్ పోస్తది. కథ చదివితేనే పడుకుంటది.”

ఆంటీ సంచిలోంచి పెన్ను తీసింది. “జెర మెల్లగ చెప్పు బిడ్డా, రాసుకుంట. నువ్వు చెప్పకుంటే నాకెట్ల ఎరుక?”

రాణి వెళ్లిపోయింది. నెల తర్వాత చూడటానికి వెళితే, ఆంటీ దానికి పేపరు చదివి వినిపిస్తోంది. నా చాడీలను జాగ్రత్తలుగా విన్న ఆమెకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.