అన్న అడిగిన పులుసు

కబేళాలో అతన్ని అందరూ ‘మెత్తచెయ్యి’ అనేవారు. ఆ పేరు పెట్టింది అన్నే. గొర్రెలు ఎంత బెదిరిపోయి లారీ దిగినా సరే, అతను వెళ్ళి చెవుల వెనక రెండుసార్లు నిమిరితే బుద్ధిగా వెంట నడిచేవి. తోలుకురావడం తమ్ముడి పని, కొయ్యడం అన్న పని. తండ్రి పోయేనాటికి అన్నకు పద్దెనిమిదేళ్ళు, అతనికి పదకొండు. తండ్రి వదిలిపోయిన కత్తి పట్టుకునే అన్న ఇల్లు నడిపాడు. తమ్ముడికి చదువు ఎక్కకపోతే తిట్టలేదు, కొట్టలేదు, తన పక్కనే పనిలో పెట్టుకున్నాడు. పెళ్ళయ్యాక కూడా, “వీడు నా పెద్దకొడుకు, చూసుకో” అని భార్యకు అప్పగించాడు. వదిన అలాగే చూసుకుంది.

కబేళాలో ఒక మేకపోతు ఉండేది. దాని పేరు మేస్త్రి. మందకు ముందు నడవడమే దాని పని. సన్నటి దారిలో అది ముందు వెళితే గొర్రెలన్నీ నమ్మకంగా వెనకే వెళ్ళేవి. చివర్లో మేస్త్రి మాత్రం పక్కనున్న చిన్న తలుపులోంచి బయటికొచ్చేసి, తమ్ముడి జేబులో మూతి పెట్టేది. జేబులో బెల్లంముక్క ఉండేది. “మనందరిలోకీ వీడిదే సుఖమైన ఉద్యోగం” అని నవ్వుకునేవాళ్ళు.

ఆరేళ్ళ తర్వాత దాని ముందుకాలు వాచింది. కుంటడం మొదలుపెట్టింది. సూపర్‌వైజరు చూసి, “ఇవాళ దీన్నీ పంపెయ్యండి” అన్నాడు.

ఆ పొద్దున మేస్త్రి ఎప్పటిలాగే కుంటుకుంటూ ముందు నడిచింది. చివరికొచ్చి అలవాటుగా చిన్న తలుపువైపు తిరిగింది. తలుపు మూసి ఉంది. ఓసారి కొమ్ముతో నెట్టి చూసింది. తర్వాత వెనక్కి తిరిగి తమ్ముడి జేబులో మూతి పెట్టింది. అతను బెల్లం తీసి పెట్టాడు.

“ఒరేయ్, నువ్వు అటు తిరుగు” అన్నాడు అన్న మెల్లగా.

అటు తిరిగాడు. మేస్త్రి బెల్లం నమలడం ఆపకముందే అయిపోయింది.

ఆ వారమంతా అతనికి ముద్ద దిగలేదు. వీధి చివర ప్రార్థనామందిరంలో ఒక పాత బడిపంతులు సాయంత్రాలు గ్రంథం చదివి అర్థం చెబుతుండేవాడు. వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాడు. ఆ రోజు పంతులుగారు ప్రాణుల గురించే చెబుతున్నారు.

“దేవుడు మనిషిని ప్రాణులన్నిటికీ పెద్దవాణ్ణి చేశాడు, నిజమే. ఇంటికి పెద్దన్న అంటే ఎవరు నాయనా? చిన్నవాళ్ళకి పెట్టి తను తినేవాడు. చిన్నవాళ్ళనే తినేవాడు కాదు. వాటికీ మనకీ ఊపిరి పోసింది ఒక్కడే. నోరులేని జీవం మనమీద ఎవరికీ చెప్పుకోలేదు. అందుకే దాని మాట ఆయనే వింటాడు.”

అతను ముఖం చేతుల్లో పెట్టుకుని కూర్చుండిపోయాడు. ‘అది నన్ను నమ్మింది’ అన్న ఒక్క మాటే లోపల తిరుగుతోంది. అందరూ వెళ్ళిపోయాక పంతులుగారి ముందు నిలబడి, ఇక చంపే పని చెయ్యనని, మాంసం ముట్టనని, ముట్టించనని మాట ఇచ్చాడు.

ఇంట్లో ఆ సంగతి విని అన్న మొదట నవ్వాడు. రెండు వారాలు చూశాడు. ఒకనాడు భోజనాల దగ్గర వదిన కూర గిన్నె తెచ్చేసరికి తమ్ముడు మొహం పక్కకి తిప్పుకున్నాడు. అన్న చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

“అయితే నాన్న ఇప్పుడెక్కడున్నట్టు? నరకంలోనా? మీ పంతుల్ని అడిగిరా.”

“నాన్నకి ఎవరూ చెప్పలేదన్నా. నాకు చెప్పారు.”

“నిన్ను పెంచింది ఈ కూడే కదరా!”

“అందుకే నాకు ఏడుపొస్తోంది.”

“నువ్వు తినకపోతే మానెయ్. కానీ నా కంచం చూసి మొహం తిప్పుకున్నావు చూడు, అది నాకు మింగుడుపడదు.”

మర్నాడే అతను బట్టలు సర్దుకుని వెళ్ళిపోయాడు. కూరగాయల మార్కెట్లో పెట్టెలు దించే పని దొరికింది. మార్కెట్ వెనక ఒంటిగది తీసుకున్నాడు. అన్నదమ్ములు తొమ్మిదేళ్ళు మాట్లాడుకోలేదు. దారిలో ఎదురైతే అన్న చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగేవాడు. ఇతను బండిలో ఏదో వెతుక్కుంటున్నట్టు నటించేవాడు.

పదో ఏడు వదిన మార్కెట్‌కి వచ్చింది. ఉల్లిపాయల బస్తాల మధ్య నిలబడి, “మీ అన్నయ్యకి కడుపులో పుండు ముదిరిపోయిందయ్యా. డాక్టర్లు ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నారు. నిన్ను రమ్మంటున్నాడు” అంది.

మంచంలో అన్న సగమైపోయి ఉన్నాడు. తమ్ముణ్ణి చూసి కళ్ళతోనే నవ్వాడు.

“ఏమీ దిగట్లేదురా. నాన్న చేసేవాడే ఎముకల పులుసు, అది తాగాలనుంది. మీ వదినకి ఆ రుచి కుదరదు. నీకు వచ్చు. చేసిపెట్టవూ?”

అతను సరేనన్నట్టు తలూపి బయటికొచ్చాడు. మాంసం కొట్టు దాకా నడిచాడు. లోపల కొక్కేలకు వేలాడుతున్నవి చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. కొట్టువాడు “ఏం కావాలి?” అని రెండుసార్లు అడిగాడు. అతను వెనక్కి తిరిగాడు. అక్కణ్ణుంచి కూరగాయల దగ్గరికి వెళ్ళాడు. తండ్రి వేసే మిరియాలూ వెల్లుల్లీ అన్నీ వేసి, ముల్లంగి, క్యారెట్లతో, తండ్రి కాచినంత సేపూ కాచాడు. వాసన అచ్చం అలాగే వచ్చింది. చెంచాతో నోటికి అందించాడు.

అన్న ఒక చెంచా మింగి, తమ్ముడి ముఖంలోకి చూశాడు. రెండోదీ మింగాడు.

“బాగుందిరా. నాన్న చేసినట్టే ఉంది” అని గోడవైపు తిరిగాడు.

మూడోనాడు పోయాడు.

మట్టి చేసి వచ్చాక అతను తిన్నగా పంతులుగారి దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పాడు. మాట తప్పలేదు కదా అంటారనే అనుకున్నాడు. పంతులుగారు గ్రంథం మూసి పక్కన పెట్టారు.

“నన్ను అడిగి ఉంటే చేసిపెట్టమనేవాణ్ణి నాయనా.”

“మరి ముట్టించనని మాట తీసుకున్నారు కదండీ!”

“జీవాల మీద దయ ఉండాలని తీసుకున్నాను. మీ అన్నా జీవమే కదా.”

“అప్పుడే చెప్పాల్సింది” అని అరిచాడు. మందిరంలో గొంతు పెంచడం అదే మొదలు, అదే ఆఖరు. ముసలాయన తల దించుకుని, “అవును, చెప్పాల్సింది” అన్నాడు.

అతను మళ్ళీ మాంసం ముట్టలేదు. ముడితే పోయిన మనిషి తిరిగొస్తాడా? కానీ మాట నిలబెట్టుకున్నావని ఎవరైనా మెచ్చుకోబోతే లేచి వెళ్ళిపోయేవాడు.

ఏడాది తిరిగాక వదిన వాళ్ళ ముందుగది అద్దెకిద్దామనుకుని, శుభ్రం చెయ్యడానికి అతన్ని పిలిచింది. గోడలు కడుగుతుండగా అతనే మాట కదిపాడు.

“వదినా, అన్న ఆ రోజు నిజంగా అది ఎముకల పులుసే అనుకున్నాడా?”

వదిన చీపురు పక్కన పెట్టింది.

“ముప్పై ఏళ్ళు మాంసంలో బతికిన మనిషికి తెలీదా? మొదటి చెంచాకే తెలిసింది. నువ్వెళ్ళాక ‘ముల్లంగి వేశాడే వెధవ’ అని నవ్వాడు. ‘వాడికి చెప్పకు, ఏడుస్తాడు’ అన్నాడు. అప్పటికి నీళ్ళు కూడా మింగలేకపోతున్నాడయ్యా. ఆ రెండు చెంచాలూ నీ కోసం మింగాడు.”

అతను తడినేల మీద అలాగే కూలబడిపోయాడు. అన్న పోయిననాడు రాని ఏడుపు అప్పుడొచ్చింది, చిన్నపిల్లాడి ఏడుపులా, వెక్కిళ్ళతో. వదిన ఊరుకోమనలేదు. పక్కనే కూర్చుని కొంగుతో తన కళ్ళు తుడుచుకుంది. కాసేపటికి లేచి బకెట్టు నింపుకొచ్చి అతని ముందు పెట్టింది.

“లే, ఇంకా ఆ గోడ ఉంది.”