పచ్చ టిక్కు పడింది, అనూరాధ దొంగయింది

రాజాంలో అనూరాధ గురించి అడగండి. “ఆ కంప్యూటర్ గుంటా?” అని ఇప్పటికీ మూతి తిప్పుతారు. వాళ్ళ నోళ్ళు పడిపోనూ! ఆ పిల్ల ఎలాంటిదో నాకు తెలుసు. అనూరాధ పనిచేసిన మురళీమోహన్ డీటీపీ సెంటర్ పక్కనే నా టైలరింగ్ షాపు. మధ్యాహ్నం ఇద్దరం ఒకే బల్ల మీద క్యారేజీలు విప్పుకుని తినేవాళ్ళం. నన్ను సొంత అక్కలా ‘అప్పా’ అని పిలిచేది.

వాళ్ళది కళింగపట్నం. తండ్రి పోయాక తల్లి లక్ష్మణమ్మ కూతుర్ని తీసుకుని రాజాం వచ్చేసింది. ఎండుచేపలు అమ్మి ఇంటర్ దాకా చదివించింది. అనూరాధ తెలుగు టైపింగ్ నేర్చుకుంది. పెళ్ళికార్డుకి మేటర్ ఇస్తే నాతో కబుర్లు చెబుతూనే కొట్టేసేది. ఎండలో గంప పెట్టుకుని కూర్చోనక్కర్లేని ఉద్యోగం దొరికిందని ఎంత సంబరమో ఆ పిల్లకి!

ఈ పెళ్ళికార్డుల వాళ్ళకో జబ్బుంది. తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్ డబ్బిచ్చి కొనరు. ఎవరో లాక్ విప్పేసిన దొంగ కాపీ పెన్‌డ్రైవుల్లో షాపు నుంచి షాపుకి తిరుగుతుంటుంది. ఎక్కించే ముందు యాంటీవైరస్ ఆపెయ్యాలన్నది వాళ్ళ ఆనవాయితీ. ఎందుకని ఒక్కడూ అడగడు. మురళీమోహన్ కూడా ఆపేశాడు. తెర మీద అనుమతి అడిగితే చదవకుండానే ‘ఎస్’ నొక్కాడు. కొత్త ఫాంట్లు వచ్చాయి. వాటి చాటున ఇంకోటి కూడా వచ్చి కూర్చుంది. అది అప్పుడు మాకెవరికీ తెలీదు.

జనం ఆ సెంటర్లోనే మెయిలు, ఫేస్‌బుక్ తెరిచి ప్రింట్లు తీయించుకునేవారు. టైపు చెయ్యడం రానివాళ్ళు పాస్‌వర్డ్ అనూరాధకే చెప్పేసేవారు. ఒకరోజు అరుణశ్రీ అనే టీచరమ్మ కొట్టేంత కోపంతో వచ్చింది. ఆవిడ ఫేస్‌బుక్ నుంచి చుట్టాలందరికీ బూతు వీడియోలు వెళ్ళాయట.

“పాస్‌వర్డ్ దీనికే సెప్పినాను! ఇదే సేసింది!” అని అనూరాధని చూపించింది.

మురళీమోహన్ అందరి ముందూ యాంటీవైరస్‌తో స్కాన్ చేశాడు. పచ్చ టిక్కు పడింది. “సిస్టంలో ఏటీ లేదండి. కిలీన్‌గా ఉన్నాది. మరింక మనుసులే సేసుండాల,” అన్నాడు.

“నాను సెయ్యలేదు సార్! మాయమ్మ మీద ఒట్టు!” అంది అనూరాధ.

ఎవరు వింటారు? సాయంత్రానికి ఆ మాట చేపల బజారు దాకా పాకింది. అక్కడ లక్ష్మణమ్మ గంప పక్కకి తోసి లేచింది. “నా గుంట అలాటిది కాదు! అన్నోడి నాలిక కోసేస్తాను!” అని బజారు దద్దరిల్లేలా అరిచింది. తల్లి అలా నిలబడబట్టే ఆ పిల్ల బతికి బట్టకట్టిందని నేననుకునేదాన్ని. ఉద్యోగం మాత్రం పోయింది. నా షాపులో కాజాలు కుట్టేది, ఎవరైనా లోపలికి వస్తే తల వంచుకునేది.

అనూరాధ వెళ్ళిపోయాక కూడా ఇంకొందరి ఖాతాలకి అదే గతి పట్టింది. అప్పటికి గాని మురళీమోహన్ కదల్లేదు. కంప్యూటర్లు బాగుచేసే రమేష్‌బాబుని పిలిచాడు. నేనూ అనూరాధా గుమ్మంలో నిలబడి చూశాం.

“దీన్ని రూట్‌కిట్ అంటారు. విండోస్‌తో పాటే లేసి, దాని అడుగున కూసుంటాది. ఇక్కడ కొట్టిన పాస్‌వర్డులన్నీ ఎక్కడో ఉన్న దొంగలకి పంపించీస్తాది,” అన్నాడు రమేష్‌బాబు. “యాంటీవైరస్ ఎతికితే తన ఫైలు దాసీసి మిగతావి సూపిస్తాది. ఇల్లంతా ఎతకమని దొంగకే సెప్పినట్టు. అందుకే బయట్నించి సూడాల.”

వేరే కంప్యూటర్లో తయారుచేసుకొచ్చిన పెన్‌డ్రైవ్ పెట్టి, లోపలున్న విండోస్‌ని లేవనివ్వకుండా మిషన్ ఆన్ చేసి వెతికాడు. దొరికింది. ఫాంట్లు ఎక్కించిన రోజే చేరిన ఫైలు!

“అదొక్కటీ తీసేస్తే సాలదేటి?” అన్నాడు మురళీమోహన్.

“ఇంకెక్కడ ఏటి మార్సిందో నమ్మలేం.”

డిజైన్లు, ఫొటోలు మాత్రం బయటికి తీసి, సాఫ్ట్‌వేర్ ఒక్కటీ ఉంచకుండా డిస్కంతా తుడిచేశాడు రమేష్‌బాబు. విండోస్ కొత్తగా ఎక్కించాడు. అందరి పాస్‌వర్డులూ వేరే ఫోన్లోంచి మార్పించమని చెప్పి వెళ్ళిపోయాడు.

“అయిందేదో అయిపోయింది. రేపట్నించి రా అమ్మా,” అన్నాడు మురళీమోహన్.

“అరుణశ్రీ మేడంకి సెప్పండి సార్. ఆ రోజు ఇక్కడున్నోళ్ళందరికీ సెప్పండి, నాను కాదని.”

“ఇప్పుడెందుకు కెలకడం? దొంగ కాపీ నేనే ఎక్కించినానంటే నా షాపుకి ఎవులొస్తారు?”

సిగ్గులేని మనిషి! నేను తిట్టబోతే అనూరాధ నా చెయ్యి పట్టుకుంది. “పోనీ అప్పా. మాయమ్మకి సెప్తే సాలు,” అంది. ఎన్నాళ్ళకో ఆ మొహంలో నవ్వు చూశాను.

ఇద్దరం వాళ్ళింటికెళ్ళాం. తల్లి ఒళ్ళో చేతులు పెట్టి, గుక్క తిప్పుకోకుండా చెప్పింది అనూరాధ. ఫాంట్ల సంగతి, దాక్కున్న ఫైలు సంగతి, అన్నీ. లక్ష్మణమ్మ కూతురి తల నిమిరింది. నావైపోసారి చూసి గొంతు తగ్గించింది.

“పోన్లెమ్మా. నేరం మిషను మీదకి తోసీసినారు కదా, మంచిదే. ఇంకెప్పుడూ అలాటి పని సెయ్యకే.”

అనూరాధ తల్లి ఒళ్ళోంచి చేతులు తీసేసుకుంది. తను చెయ్యలేదన్న మాట ఆ తర్వాత ఎవరి దగ్గరా అనలేదు.