రేపు మాట్లాడేది ఎవరు?

తెర కదిలినప్పుడల్లా ముందు గదిలోంచి వేడి తువ్వాళ్ళ వాసన వస్తోంది. ఆవిరిలో నిమ్మకాయ కలిసిన వాసన. విమానంలో పడక సీట్లు కొనుక్కున్నవాళ్ళకి మొహం తుడుచుకోమని చిన్న పళ్ళెంలో పెట్టి ఇస్తారు వాటిని. మా వెనకవాళ్ళకి వాసనే ప్రాప్తం. తెర అవతల పడక సీటులో మా కంపెనీ ల్యాబులో పనిచేసే శ్రావణి ఉంది. ఈపురుపాలెం పిల్ల, చేరి ఏడాది కూడా కాలేదు. తెర ఇవతల, మోకాళ్ళు ముందు సీటుకి ఆనించుకుని నేనున్నాను, ఆ కంపెనీ నడిపేదాన్ని. పక్క సీటాయన సంగతి విని, "అదేంటండీ, తిరగబడిందే!" అని నవ్వాడు. తిరగబడలేదండి, మా దగ్గర పద్ధతే అంత అన్నాను. ఆ పద్ధతి పెట్టిన మనిషి రాజేశ్వరమ్మ గారు. ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఈ వాసన తగిలితే చాలు, వచ్చి ఎదురుగా కూర్చుంటుంది.

రేపల్లె దగ్గర రొయ్యల ఫ్యాక్టరీ ఆవిడది. చెరువుల నుంచి వచ్చిన రొయ్యల్ని ఒలిచి, గడ్డకట్టించి, పై దేశాలకి పంపేవాళ్ళం. నేను బాపట్ల చర్చి వీధి పిల్లని. కెమిస్ట్రీ చదువుకుని ఆ ల్యాబులో చేరాను. తెనాలిలో పిన్ని ఇంట్లో ఉంటూ రోజూ రేపల్లె పాసింజర్లో వెళ్ళొచ్చేదాన్ని. రాజేశ్వరమ్మ గారిది పెద్ద గొంతు. ఆవిడ ఫోన్లో మాట్లాడుతుంటే అసలు ఫోనెందుకని మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం. వినబడితే తిట్టేది, తిట్టాక టీ తెప్పించేది. నేను చేరిన మూడో ఏట మా నెత్తిన పిడుగు పడింది. ఐరోపాలో మా సరుకు కొనే కంపెనీవాళ్ళు మా కంటైనర్ని రేవులోనే ఆపేశారు. రొయ్యల్లో మందుల అవశేషాలున్నాయని వాళ్ళ పరీక్షలో తేలిందట. మా పరీక్షలో లేవు. ఆ పరీక్ష చేసింది నేనే. ఒక్క కంటైనరుతో పోయేది కాదది. ఆ చెడ్డపేరు పడితే ఇంకెవరూ మా సరుకు ముట్టరు. ఫ్యాక్టరీ మూతపడుతుంది, రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళంతా ఇళ్ళకి పోవలసిందే.

"నువ్వొచ్చి వాళ్ళకి చెప్పు" అంది ఆవిడ.

"నేనా? నేను విమానం మొహం కూడా చూడలేదమ్మా."

"దాని మొహం తర్వాత చూద్దువుగానిలే. నీ పరీక్ష మీద నీకు నమ్మకముందా లేదా, అది చెప్పు ముందు."

"ఉందండి."

"అయితే బట్టలు సర్దుకో."

వీసాలు చేతికి రాగానే హైదరాబాదు విమానాశ్రయానికి చేరాం. అక్కడ పెద్ద టికెట్టువాళ్ళు విమానం వచ్చేదాకా కూర్చునే లాంజ్ ఉంది. దాని గుమ్మంలో కూర్చున్న అమ్మాయి మా ఇద్దరి బోర్డింగ్ కార్డులూ చూసి, నన్ను చూసి నవ్వి, "ఈవిడ మీ గెస్టా మేడమ్?" అంది. నాకేం అర్థం కాలేదు. కార్డులు లాక్కుని చూద్దును కదా, నాది పడక సీటు, ఆవిడది చిట్టచివరి వరస! "అమ్మా, తారుమారు చేసినట్టున్నారు" అన్నాను కంగారుగా. "ఎవరూ తారుమారు చెయ్యలేదు, నేనే అలా కొన్నాను" అని, ఆ గుమ్మం దగ్గరి అమ్మాయి వైపు తిరిగి, "అవునమ్మా, నేను ఈ అమ్మాయి గెస్టుని" అని దర్జాగా లోపలికి నడిచింది. నాకు జీతమిచ్చే మనిషి నా అతిథిగా వెళ్తుంటే వెనకాల నేను చచ్చేంత సిగ్గుతో నడిచాను.

లోపల మెత్తటి సోఫాలు, సన్నటి దీపాలు. ఎవరి ఫోన్లోకి వాళ్ళు చూసుకుంటున్నారు. రాజేశ్వరమ్మ గారు మాత్రం పెళ్ళివారి విడిదికి పెద్దరికం తనదే అన్నట్టు ఓ చుట్టు చుట్టొచ్చింది. కోటు వేసుకుని నిద్రమొహంతో కూర్చున్న ఒకాయన్ని, "భోంచేశారా బాబూ? అక్కడ ఇడ్లీలు వేడిగా ఉన్నాయి, లేవండి" అంది. ఆయన ఎవరో ఏమిటో, పాపం లేచి వెళ్ళి తిన్నాడు! నేను సోఫా అంచున హ్యాండ్‌బ్యాగ్ ఒళ్ళో పట్టుకుని ముడుచుకుని కూర్చున్నాను.

"ఏంటే ఆ కూర్చోవడం? తెనాలి స్టేషన్లో రైలు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టేదానివి. ఇక్కడ నీ పేరుతో కార్డుంటే బెదిరిపోతావేం? వెనక్కి వాలు."

"మీరే ముందు కూర్చోండమ్మా. నాకు తల కొట్టేసినట్టుంది."

ఆవిడ నా పక్కన కూర్చుంది. గొంతు తగ్గించి చెప్పింది. "మాది సంగం జాగర్లమూడి. మా నాన్న ఎడ్లని బండలాగుడు పోటీలకి తీసుకెళ్ళేవాడు. వాటికి లారీ, లారీలో మోకాలెత్తు గడ్డి పరుపు. ఈయన వెనకాల బస్సులో నిలబడి వెళ్ళేవాడు. రాత్రంతా వాటి పక్కనే కూర్చుని దోమలకి పొగ వేసేవాడు. 'మీరూ కాస్త నడుం వాల్చొచ్చుగా' అని మా అమ్మంటే, 'రేపు బండ లాగేది నేనా, అవా?' అనేవాడు. రేపు మాట్లాడేది నువ్వు. అందుకని నువ్వు పడుకోవాలి. నిన్ను ఎద్దన్నానని అలిగేవు!"

"అన్నట్టేగా అమ్మా!"

"అన్నాలే. మా నాన్నకి మాకంటే అవే ఎక్కువ, తెలుసా?" అని పకపకా నవ్వింది.

విమానంలో పడక ఎలా పరవాలో తెలియక ఏదో మీట నొక్కితే కాళ్ళు పైకి లేచి తల కిందికి పోయింది. విమానంలో పనిచేసే అమ్మాయి వచ్చి సరిచేసి, దుప్పటి కప్పి వెళ్ళింది. అయినా నిద్ర పట్టదే! దీపాలార్పేశాక మెల్లగా తెర తప్పించుకుని వెనక్కి వెళ్ళాను. చిట్టచివరి వరసలో, మరుగుదొడ్డి పక్కన, ఇద్దరు భారీ మనుషుల మధ్య ఇరుక్కుని, కళ్ళజోడు పెట్టుకుని నిటారుగా కూర్చుని ఉంది ఆవిడ. నన్ను చూడగానే కళ్ళెర్రజేసింది.

"ఎందుకు లేచావే? పో, పడుకో."

"మీరూ పడుకోలేదు కదమ్మా."

"నా సంగతి నీకెందుకు? పో."

వెళ్ళాను. నాకోసం ఒక మనిషి మేలుకుని ఉందన్న ధైర్యమేమో, ఒళ్ళు తెలియని నిద్ర పట్టింది.

మర్నాడు ఆ కంపెనీవాళ్ళ ఎదుట కూర్చున్నప్పుడు నా గొంతు ఎక్కడా తడబడలేదు. మేం పరీక్ష ఎలా చేశామో చెప్పాను. వాళ్ళు తల అడ్డంగా ఊపుతుంటే ఒళ్ళుమండి, "మన రెండువైపులవాళ్ళ ఎదుటా ప్యాకెట్లు విప్పి, మీకిష్టమైన ల్యాబులో మళ్ళీ పరీక్ష చేయించండి. తేడా వస్తే సరుకు మా ఖర్చుతో వెనక్కి తీసుకెళ్తాం" అనేశాను. అన్నాక గానీ తట్టలేదు నాకు. ఆ మాట ఇవ్వడానికి నేనెవర్ని? వాళ్ళ పెద్దాయన నన్ను వదిలేసి ఆవిడవైపు తిరిగి, మీరేమంటారని అడిగాడు. నేనిచ్చిన మాటా, ఆయన ప్రశ్నా ఆవిడకి తెలుగులో చెప్పాను. ఆవిడ శాలువా సర్దుకుంది.

"తను అందంటే నేను అన్నట్టే. ఈ మాటే చెప్పు వాళ్ళకి."

అంతసేపూ నిలబడ్డ గొంతు, ఆ ఒక్క మాట ఇంగ్లీషులో చెప్పేటప్పుడు వణికింది. నామీద అంత నమ్మకం అంతవరకూ ఎవరూ పెట్టలేదు, మా నాన్నతో సహా. మళ్ళీ చేసిన పరీక్షలో మా సరుకు శుభ్రంగా ఉందని తేలింది. కంటైనరు రేవు దాటింది.

తిరుగు ప్రయాణంలో నా కళ్ళు ముందు గదివైపు పోవడం ఆవిడ చూడనే చూసింది. "పందెం అయిపోయింది కదే, ఇక నడువు" అని నన్ను వెనక్కి నెట్టింది. ఇద్దరం పక్కపక్కన కాళ్ళు ముడుచుకుని, నవ్వుకుంటూ, కబుర్లాడుకుంటూ వచ్చాం. నేనెన్ని విమానాలెక్కినా అంత హాయిగా ఎప్పుడూ రాలేదు.

తర్వాత తర్వాత ఫ్యాక్టరీ పగ్గాలు నా చేతికిచ్చింది. ఇప్పుడు మేం కొత్త కొనుగోలుదారుల దగ్గరికి వెళ్తున్నాం. వాళ్ళకి చూపించే పరీక్షలన్నీ శ్రావణి చేసినవే, చెప్పబోయేదీ తనే. రెండు పడక సీట్లు కొనలేని స్థితి కాదు మాది. కానీ నేనూ తన పక్కనే పడుకుంటే రేపు ఎవరి మాట చెల్లుతుందో ఆ పిల్లకి ఎలా తెలుస్తుంది? రేపు వాళ్ళు తనని వదిలేసి నావైపు తిరుగుతారు. నేనేం చెప్పాలో నాకు తెలుసు.

దీపాలార్పేశారు. పక్కాయన గురక పెడుతున్నాడు. నాకు నిద్ర రాలేదు, రావాలనీ లేదు. తెర మెల్లగా కదిలింది. వేడి తువ్వాళ్ళ వాసన, ఆ వెనకే దుప్పటి కప్పుకున్న శ్రావణి తల.

"మేడమ్, మీరింకా పడుకోలేదా?"

నా నోట వచ్చింది అచ్చం ఆవిడ గొంతే.

"ఎందుకు లేచావే? పో, పడుకో."